బదలీ మనిషి

జిలానీ బాషాకి ఈ భూప్రపంచంలో శత్రువంటూ ఉన్నది ఒక్కడే. వాడు ఒకే తల్లి కడుపున పుట్టినవాడు, ఒకే గదిలో అవతలి మంచం మీద గురక పెట్టేవాడు, ఆపైన క్యాంపు మెస్సులో పెద్ద వంటవాడు. తమ్ముడు మీరా హుస్సేన్ పొద్దుటా సాయంత్రం మూడొందల మంది కడుపులు చెడగొట్టాలి, అన్న జిలానీ బాషా మర్నాడు ఆ మూడొందల కడుపులనూ బాగుచెయ్యాలి. ఇద్దర్నీ ఒక్కసారే ఇంటికి పంపేస్తే కంపెనీకి ఎంతో కలిసొస్తుందని తూకం కాటా దగ్గర గుమాస్తా పెద్దిరాజు అంటూ ఉంటాడు.

"రాత్రి పప్పులో ఏం పోసినావురా? మిరపకాయల గోతాం బోర్లించినావా?" అన్నాడు జిలానీ బాషా, స్టెరిలైజర్‌లో గాజు సిరంజీలు ఉడుకుతుంటే ఆవిరికి మొహం పక్కకి తిప్పుకుంటూ.

"పప్పులో పప్పే ఏసినా భాయ్. నువ్వు మందులో మందే ఏస్తుండావా, అది చెప్పు ముందు," అన్నాడు మీరా హుస్సేన్.

అంటూనే బల్ల మీది మందు సీసాలను ఎడమ నుంచి కుడికి వరసగా సర్దాడు. ఎర్రమందు మొదట, నొప్పి మందు తర్వాత, చివర జ్వరం మందు. ఏడాదిగా తమ్ముడికి ఇది తెల్లవారుజాము పని. ఎందుకంటే జిలానీ బాషాకి సీసా మీద రాత కనపడి ఏడాది దాటింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. లోకమంతా గంజి వార్చిన గిన్నెలోంచి చూస్తున్నట్టుంది. ఈ సంగతి అన్నదమ్ములకు తప్ప క్యాంపులో మూడో మనిషికి తెలియదు.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. తాటిచెట్టులా పొడుగు, అంతే సన్నం. మోకాళ్ళ దాకా వచ్చే తెల్లకోటు, జేబు మీద అయోడిన్ మరక. కావలిలో ఒక డాక్టరు దగ్గర ఇరవై రెండేళ్ళు కాంపౌండరుగా మిక్స్చర్లు కలిపి, డాక్టరు పోయాక 1976లో దుబాయ్ వచ్చాడు. దుబాయ్ అనడమే గానీ వచ్చింది ఫుజైరా వెనక కొండల్లోకి. అక్కడ రాళ్ళు పేల్చి, పిండి చేసి, ఓడరేవుకు పంపే క్వారీ. గడ్డిపరక మొలవని ఆ కొండల మధ్య రేకుల గది ఒకటి, దాని మీద ఎర్ర శిలువ గుర్తు. అదే ఎనిమిదేళ్ళుగా జిలానీ బాషా దర్బారు.

దర్బారు ఖ్యాతి అంతా సూది మీద ఆధారపడి ఉంది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి వచ్చిన ఆ మూడొందల మందికి సూది పొడిస్తేనే వైద్యం. మాత్రలు ఇస్తే, రోగం లేదని చెప్పి పనిలోకి తరమడానికి ఇచ్చారని అనుమానం. వచ్చిన కొత్తలో జిలానీ బాషా ఒకడికి మాత్రలిచ్చి పంపితే, వాడు గుమ్మంలో కూలబడి, "నేనేం తప్పు చేసిన సారూ, అందరికీ ఏసినవు, నాకెందుకు ఎయ్యవు?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆనాటి నుంచి జ్వరానికీ, నడుంనొప్పికీ, ఇంటి మీద బెంగకీ అందరికీ ఎర్రమందే. బీకాంప్లెక్స్. హాని లేదు. పైగా మర్నాడు ఉచ్చ పసుప్పచ్చగా వస్తుంది కాబట్టి మందు ఒంట్లో తిరుగుతోందని రోగికి రుజువు.

ఇన్నాళ్ళూ హాని లేదు. ఇప్పుడు ఉంది. చేత్తో తడిమి పొడుస్తున్నాడు. మనుషుల్ని దగ్గును బట్టీ, చెప్పుల చప్పుడును బట్టీ గుర్తుపడుతున్నాడు. ఏదో ఒక రోజు వరస తప్పి ఎర్రమందు అనుకుని ఇంకేదో ఎక్కిస్తాను, ఒక ప్రాణం నా చేతి మీదుగా పోతుంది అని భయం. పొద్దున్నే నమాజులో ఆయన అడిగే కోరిక ఒక్కటే: అల్లా, అంతలోపల నన్ను ఇక్కణ్ణించి పంపించెయ్.

అల్లా సంగతెలా ఉన్నా, పాస్‌పోర్టు మాత్రం ముదీర్ సొరుగులో ఉంది. ముదీర్ అంటే క్యాంపు మేనేజరు. సుడాన్ దేశస్థుడు, మంచివాడే, కానీ మొండివాడు. మూడుసార్లు అర్జీ పెడితే మూడుసార్లూ ఒకటే మాట: "బదలీ ఆద్మీ లావ్, పాస్‌పోర్టు లే జావ్." క్యాంపును వైద్యుడు లేకుండా వదిలేది లేదు. కళ్ళ సంగతి చెబుదామంటే, ఇన్నాళ్ళూ గుడ్డివాడివై పొడిచావా అని జైల్లో పెట్టిస్తాడేమోనని భయం.

అందుకని రెండు నెలలుగా సెలవు దొరికినప్పుడల్లా బదలీ మనిషి కోసం వేట. రాస్ అల్ ఖైమాలో ఒకడున్నాడంటే సిమెంటు లారీ ఎక్కి వెళ్ళాడు. వాడు కాంపౌండరే, కాదనలేం, కానీ పశువుల ఆసుపత్రిలో. దుబాయ్‌లో ఇంకొకడు దొరికాడు. వాడికి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయట. అదొక్కటే లోపం, తక్కినవన్నీ వచ్చు.

ఇంత బాధలోనూ జిలానీ బాషాకి ఒక గర్వం ఉంది. నీళ్ళ ట్యాంకు అవతల రెండొందల అడుగుల దూరంలో ఏడు ఫ్యామిలీ క్వార్టర్లున్నాయి. గుమాస్తాలవీ, మెకానిక్కులవీ. ఏడిళ్ళ ఆడవాళ్ళు, పదకొండు మంది పిల్లలు. రెండేళ్ళుగా ఆ ఇళ్ళ నుంచి ఒక్క జ్వరం గానీ ఒక్క విరేచనం గానీ ఆయన గుమ్మం ఎక్కలేదు. రెండేళ్ళ కిందట రంజాన్ పండగనాడు సేమ్యా తింటూ వాళ్ళకి కాచిన నీళ్ళ మీద ఒక గంటసేపు ఉపన్యాసమిచ్చాడు. ఫలితం అలా ఉంది. ఈ మాట ఆయన కనపడిన వాళ్ళందరికీ చెప్పేవాడు. విన్నవాళ్ళందరూ ఎందుకో చెప్పుల వంక చూసుకునేవారు.

ఆ రోజు పొద్దున్న మొదట వచ్చినవాడు లింబాద్రి. క్రషర్ దగ్గర పని. బొడ్డు చుట్టూ నొప్పి, రాత్రంతా నిద్ర లేదన్నాడు.

"మా తమ్ముడి పప్పు రెండోసారి వడ్డించుకున్నావా?"

"ఏసుకున్న సారూ."

"ఇంకేం. అనుభవించు."

ఎర్రమందు ఎక్కించి, సోడా మాత్ర చప్పరించమని పంపేశాడు. వాడి వెనక ఇంకో పదిహేను మంది, పదిహేను సూదులు. పదింటికి పోచన్న లింబాద్రిని మళ్ళీ మోసుకొచ్చాడు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే డేరా. లింబాద్రి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. బల్ల మీద పడుకోబెడితే కుడికాలు ముడుచుకుని, చాపనివ్వడం లేదు.

"కడుపు కడగాల," అని జిలానీ బాషా గ్లాసులో ఆముదం పోశాడు. ముందు నొప్పికి ఒక సూది వేద్దామని సిరంజీ తీసుకుని, ఎడమచేత్తో చెయ్యి తడిమి పొడిచాడు. సూది లింబాద్రి చేతిలో దిగలేదు. జిలానీ బాషా సొంత బొటనవేలిలో దిగింది.

పోచన్న చూశాడు. చూడనట్టు తల తిప్పుకుని, గొంతు సవరించుకున్నాడు.

"సారూ, కోపానికి రాకుంటె ఒక్క మాట. క్వార్టర్లల్ల గా అమ్మను పిలుద్దునా?"

"ఏ అమ్మ?"

"పెద్దిరాజు సారు ఇంటామె. నర్సమ్మ."

జిలానీ బాషాకి రెండేళ్ళ నాటి సంగతి గుర్తొచ్చింది. అమలాపురం వైపు నుంచి పెద్దిరాజు భార్యను కొత్తగా తెచ్చుకున్న రోజులు. ఆమె పేరు గంగాభవాని. పద్నాలుగేళ్ళు పల్లెల్లో ఏ.ఎన్.ఎం.గా చేసిందనీ, ఖాళీగా కూర్చోలేకపోతోందనీ, మీకేమైనా సాయం చేస్తుందనీ పెద్దిరాజు ఆమెను ఈ గుమ్మం దాకా తీసుకొచ్చాడు. జిలానీ బాషా పడీపడీ నవ్వాడు. "మగాళ్ళ క్యాంపులో ఆడమనిషి ఏం చేస్తాదబ్బా? రాళ్ళు కొట్టేవోడు తన కురుపు ఆడమనిషికి చూపిస్తాడా?" అన్నాడు. ఆమె కొంగు సర్దుకుని వెనక్కి తిరిగింది.

"నేనుండంగా ఆమె ఎందుకురా?" అన్నాడిప్పుడు. కానీ ఆ మాట అరిచినట్టు రావలసింది, అడిగినట్టు వచ్చింది. బల్ల మీద లింబాద్రి మూలిగాడు. జిలానీ బాషా బొటనవేలిని కోటుకి తుడుచుకున్నాడు.

"పద. నేనే వస్తా."

ఎండలోకి అడుగుపెట్టేసరికి ఆ కాస్త చూపూ పోయింది. తెల్లటి రాతిపొడి మీద తెల్లటి ఎండ. పోచన్న భుజం పట్టుకుని నడిచాడు.

"ఆమె నర్సని నీకెట్ట తెలుసు?"

"పోయినేడు నాకు గడ్డ లేసింది గద సారూ. ఆమెనే కోసింది."

"యాడ లేసింది?"

పోచన్న నడక వేగం పెంచాడు. "కూసునేకాడ," అన్నాడు చివరికి.

"చూపించినావా?"

"మా అవ్వసొంటిది అనుకున్న, చూపిచ్చిన. నేనే గాదు సారూ, మస్తుమంది పోతరు. నీ దగ్గర సూది ఏయించుకోని, ఆడికి వోయి మందు తీసుకుంటరు."

"నాకెందుకు చెప్పలేదురా?"

"నీకు బాధైతదని. ఎవరూ చెప్పొద్దని అందరం అనుకున్నం."

అదీ సంగతి. మూడొందల మంది మగవాళ్ళూ ఏడిళ్ళ ఆడవాళ్ళూ కలిసి రెండేళ్ళుగా ఒక మనిషి మనసు నొప్పించకుండా కాపాడుకొచ్చారు. కాచిన నీళ్ళ ఉపన్యాసంతో సహా.

పెద్దిరాజు క్వార్టరు వెనక గుమ్మంలో నలుగురు ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. ప్రతి వాళ్ళ చేతిలో ఒక గిన్నె. తెల్లకోటు కనపడగానే అందరూ లేచి నిలబడ్డారు. మెకానిక్కు వెంకట్రావు భార్య మాణిక్యాంబ అయితే గిన్నె కాస్త పైకెత్తి చూపించింది కూడా.

"పెరుగు తోడు కోసం వచ్చానండి బాషాగారూ."

ఆమె భుజం మీద పిల్ల ఒకటి కోరింత దగ్గు దగ్గుతోంది. ఆ దగ్గుకి తోడు పెరుగు ఎందుకో జిలానీ బాషా అడగలేదు.

గంగాభవాని లోపలి నుంచి వచ్చింది. పొట్టి మనిషి, నిండు విగ్రహం. ఆయనకు ఆకారం మాత్రమే తెలిసింది, చేతుల నుంచి డెట్టాల్ వాసన వచ్చింది. జిలానీ బాషా దారిలో కూడబలుక్కున్న మాటలన్నీ మర్చిపోయాడు.

"ఒకడికి కడుపునొప్పి. మీరొకసారి చూడాల," అన్నాడు.

ఎప్పుడు, ఎక్కడ, ఎవరు అని అడగకుండా ఆమె చెప్పులు వేసుకుంది.

రేకుల గదిలో ముందు చేతులు కడుక్కుంది. తరవాత లింబాద్రి తల దగ్గర నిలబడి, తొందరేం లేనట్టు అడిగింది. నొప్పి మొదట ఎక్కడ పుట్టింది నాయనా? బొడ్డు దగ్గర. ఇప్పుడెక్కడుంది? వాడు కిందికి, కుడిపక్కకి చెయ్యి చూపించాడు. ముందు వాంతా, ముందు నొప్పా? నొప్పి. ఆమె ఎడమపక్క నొక్కింది. వాడు కుడిపక్క పట్టుకుని కేక పెట్టాడు. కుడిపక్క మెల్లగా నొక్కి, చటుక్కున చెయ్యి తీసేసింది. ఆ కేక మెస్సు దాకా వినపడి మీరా హుస్సేన్ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చాడు.

"అపెండిక్సండి," అంది గంగాభవాని. "పొంగి ఉంది. చుక్క నీళ్ళు కూడా పొయ్యకూడదు. ఇప్పుడే టౌను ఆసుపత్రికి పంపెయ్యాలి." అప్పుడామె చూపు బల్ల మీది గ్లాసు మీద పడింది. వాసన చూసింది. గొంతు ఏమాత్రం మారకుండా అంది: "బాషాగారూ, ఈ ఆముదం తాగించారాండీ?"

"లేదు. పోసిపెట్టినా. అంతే."

"ఆయ్. దేవుడు కాపాడాడండి. తాగించుంటే లోపల పగిలేది."

గుమ్మంలో మీరా హుస్సేన్ గరిటె దించాడు. "అయితే నా పప్పు కాదన్నమాట," అన్నాడు.

జిలానీ బాషా తమ్ముడి వైపు చూడలేదు. చూసినా గంజి తప్ప ఏమీ కనపడేది కాదు. ఆఫీసు వైపు బయల్దేరబోతుంటే గంగాభవాని గుమ్మం దాకా వచ్చి మెల్లగా అంది. "నా పేరు మాత్రం చెప్పకండి. నాది భార్య వీసా. వైద్యం చేస్తోందని తెలిస్తే మా ఆయన ఉద్యోగానికి చేటండి."

ముదీర్ ముందు జిలానీ బాషా అపెండిక్స్ అన్నాడు. కారు కావాలన్నాడు. "కౌన్ బోలా అపెండిక్స్?" అని ముదీర్ అడిగాడు.

"మైఁ బోలా," అన్నాడు జిలానీ బాషా.

ఆవిడ చెప్పొద్దంది, అది నిజమే. కానీ తన పేరు చెప్పుకుంటున్నప్పుడు నాలిక మీద కాస్త తియ్యగా తగిలిన మాటా నిజమే.

కారు వెళ్ళిపోయింది. ఆ రోజు తక్కిన పనంతా మామూలుగానే జరిగింది. ఒకడి వేలు నలిగితే కట్టు కట్టాడు. ఒకడి కంట్లో రాతిపొడి పడితే నీళ్ళు పోసి కడిగాడు. సూది మాత్రం ముట్టుకోలేదు. "మందు అయిపోయింది," అన్నాడు అడిగినవాళ్ళతో. మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయాడు. ఆ గ్లాసు కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. సీసాల వరస తప్పుతుందని ఏడాదిగా భయపడ్డాడు. వరస తప్పలేదు. సీసా సరైనదే. వైద్యమే తప్పు.

సాయంత్రం షిఫ్టు దిగే వేళకి ముదీర్ స్వయంగా కారు దిగి రేకుల గదికి వచ్చాడు. గది ముందు అప్పటికే యాభై మంది ఉన్నారు. పోచన్న మధ్యాహ్నం నుంచీ ఆ గుమ్మం వదల్లేదు. నీళ్ళ ట్యాంకు పక్కన గంగాభవాని, ఆమెతో పెద్దిరాజు, వాళ్ళ వెనక గిన్నెలు లేకుండా ఆడవాళ్ళు.

ముదీర్ నవ్వుతున్నాడు. ఆపరేషన్ ఖలాస్. లింబాద్రి బాగున్నాడు. ఇంకో రెండు గంటలు ఆగి ఉంటే పగిలేదని సర్జన్ అన్నాడట. పోచన్న అక్కడికక్కడే రాళ్ళలో కూర్చుని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎవరో ఈల వేశారు. ఎవరో పోచన్న వీపు మీద చరిచారు. పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలినట్టు క్యాంపంతా గోల.

ముదీర్ ఇంకా నవ్వుతూనే జేబులోంచి కాగితం ఒకటి తీశాడు. జిలానీ బాషా మూడో అర్జీ. దాన్ని నిలువునా చింపేశాడు. మీ క్యాంపు డాక్టరెవరని సర్జన్ అడిగాడు, నీ పేరు చెప్పాను, నీలాంటివాణ్ణి ఎలా వదులుకుంటాను, ఇంకో ఐదేళ్ళు ఉండు, జీతం పెంచుతాను అన్నాడు వచ్చీరాని హిందీలో.

జిలానీ బాషా గుమ్మం పట్టుకున్నాడు. ఐదేళ్ళు. ఐదేళ్ళలో ఎన్ని గ్లాసులు.

"సాబ్," అన్నాడు. గుమ్మం వదిలి ఒక అడుగు ముందుకేశాడు. మళ్ళీ అన్నాడు. "సాబ్, నేను కాదు. నాకు కళ్ళు కనపడవు. ఏడాదైంది. పొద్దున నేనైతే వాణ్ణి చంపేసుండేవాణ్ణి. చెప్పింది ఆ అమ్మ."

చెయ్యి ట్యాంకు వైపు చూపించాడు. కొంచెం పక్కకి చూపించాడు, కానీ అందరికీ అర్థమైంది. పెద్దిరాజు మొహం సున్నం కొట్టినట్టయింది.

ముదీర్ నవ్వు ఆపేశాడు. ఆమెను రమ్మన్నాడు. ఎక్కడ చదివావు, ఎన్నేళ్ళు చేశావు, కాగితాలున్నాయా? ఉన్నాయి. పద్నాలుగేళ్ళ సర్వీసు, ట్రంకుపెట్టె అడుగున చీరల కింద. గంగాభవాని ఒక్కొక్క ప్రశ్నకీ ఒక్కొక్క మాటే చెప్పింది. ముదీర్ గడ్డం గోక్కుంటూ చాలాసేపు నిలబడ్డాడు. పెద్దిరాజుకి వీసా ఇచ్చిన కఫీల్ ఈ కంపెనీయే, ఆమె కాగితం మార్చడం పెద్ద పని కాదు, కానీ అని ఆగాడు. క్యాంపు వైపు తిరిగాడు.

"మగవాళ్ళ క్యాంపు ఇది. మీరు ఒక ఆడమనిషి దగ్గరికి వైద్యానికి పోతారా?"

నవ్వారు. ముందు పోచన్న తువ్వాలు వెనక నుంచి, తర్వాత వెనక వరసలో ఇద్దరు, తర్వాత యాభై మందీ. ముదీర్‌కి ఏమీ అర్థం కాలేదు.

"అందరూ ఎప్పుడో పొయ్యినారు సాబ్," అన్నాడు మీరా హుస్సేన్. "మా అన్న ఒక్కడే ఇయ్యాల పొయ్యింది."

కాగితాలకి పద్దెనిమిది రోజులు పట్టింది. పందొమ్మిదో రోజు గురువారం. దుబాయ్ ఎయిర్‌పోర్టుకి పికప్ సిద్ధంగా ఉంది. మద్రాసులో కళ్ళ ఆపరేషనుకు ఉత్తరం రాసి ఉంది. జిలానీ బాషా పెట్టె ఎక్కించి, తమ్ముణ్ణి కావలించుకుని, బండెక్కబోయి దిగాడు. రేకుల గది వైపు నడిచాడు. ఈసారి ఎవరి భుజమూ పట్టుకోలేదు. ఎనిమిదేళ్ళు నడిచిన దారి.

గంగాభవాని లోపల ఎవడికో మాత్రలిచ్చి, ఇవి ఎందుకు సూదికన్నా మంచివో మూడోసారి చెబుతోంది. వాడు ముక్కూ మొహం చిట్లించుకుని వింటున్నాడు. ఆయన్ను చూసి లేచింది.

"కూర్చోండమ్మా. పని చూసుకోండి," అన్నాడు జిలానీ బాషా. గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలివాళ్ళకీ బయటివాళ్ళకీ వినపడేటట్టు. "ఆ రోజు మీ ఆయన మిమ్మల్ని ఈడికి తీసుకొస్తే నేను నవ్వి పంపించినాను. పంపించి, మనిషి కోసం దేశమంతా లారీలెక్కి తిరిగినాను. తప్పు నాది. మీదేం లేదు, మీ ఆయనదేం లేదు. తప్పు పూర్తిగా నాది."

గంగాభవాని మాత్రల సీసా బల్ల మీద పెట్టి, "ఆయ్," అంది.

ఆయన తలూపి వెళ్ళిపోయాడు. పికప్ కొండ మలుపు తిరిగి, రేగిన దుమ్ము నేలకి దిగాక గంగాభవాని గది ఊడుద్దామని తలుపు వెనక్కి చెయ్యి పెట్టింది. చీపురుకి బదులు మేకుకు ఆయన వదిలేసి వెళ్ళిన గొడుగు ఒకటి చేతికి తగిలింది. వానంటే ఏడాదికి రెండు చినుకులే ఉన్న ఆ కొండల్లో ఎనిమిదేళ్ళుగా ఒక్కసారైనా విప్పని నల్లగొడుగు, కావలి దుకాణం వాడు పిడికి కట్టిన దారం ఇంకా అలాగే ఉంది.